ఇరవై తోకలు తుడిచిన రోజు

ఆ రోజు పరిశోధకురాలి పథకం చాలా చిన్నది. ఇరవై ఎలుకలకు తోకకొక రక్తపు చుక్క తీయాలి, మైక్రోస్కోపు కింద మలేరియా క్రిములు లెక్కపెట్టాలి, పదకొండింటికల్లా ఫలితం ప్రొఫెసర్ గారి ముందు పెట్టాలి. ఎలుకలన్నింటికీ మలేరియా ఎక్కించిన దగ్గర్నుంచి, ఆరు రోజులుగా పది ఎలుకలకు ఓజోన్ వాయువు, మిగతా పదింటికి ఉత్త ఆక్సిజన్ సూదితో ఇస్తోంది. ఓజోన్ పుచ్చుకున్నవాటి తోకకు నీలం సిరా గుర్తు. ఈరోజు ఏ సంగతీ తేలకపోతే ప్రయోగం మూసేస్తానని ప్రొఫెసర్ గారు ఖండితంగా చెప్పారు.

తీరా చూస్తే ఇరవై ఎలుకలూ ఒకే పెద్ద బోనులో ఉన్నాయి. ఒక్క తోక మీదా సిరా లేదు.

"బాబాయ్! గుర్తులేవి?"

"పెద్దాయన వస్తున్నారు, అంతా శుభ్రంగా ఉండాలన్నావు కదమ్మా," అన్నాడు ఎలుకల గది చూసుకునే బాబాయి గర్వంగా. "సగం తోకల మీద సిరా మరకలు. స్పిరిట్‌తో తుడిచేశా. బోనులు కూడా కడగాలని అన్నిటినీ ఇందులో వేశా."

ఆమె వెంటనే భర్తకు ఫోన్ చేసింది. "పది మందికి ఎక్కించాను. ఇప్పుడు ఎవరికి ఎక్కించానో తెలియట్లేదు!" అంటుండగానే ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

సరే, పని ఆపేది లేదు. కొంగు బిగించి ఇరవై స్లైడ్లూ చూసింది. కొన్నింటిలో క్రిములు కుప్పలు, కొన్నింటిలో తక్కువ. తక్కువ ఉన్న పదీ ఓజోన్‌వని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? కలం తీసింది. ఒక నిమిషం చూసి, మూత పెట్టేసింది.

సరిగ్గా పదకొండింటికి ప్రొఫెసర్ గారితో పాటు, టాక్సీ దిగి పరుగున వచ్చిన అత్తగారు కూడా గుమ్మంలోకి అడుగుపెట్టింది.

"బాబ్బాబు, మా కోడల్ని పోలీసులకి పట్టివ్వకండి! పిల్ల మంచిదే. మా అబ్బాయికి ఫోన్‌లో తనే చెప్పిందట, మందు ఏ మనుషులకి ఎక్కించిందో మర్చిపోయింది, అంతే!"

ప్రొఫెసర్ గారి మొహం పాలిపోయింది. "మనుషులకా?"

"ఎలుకలకే సార్," అంది పరిశోధకురాలు. "కానీ మర్చిపోయిన మాట నిజం. గుర్తులు చెరిగిపోయాయి. జాగ్రత్తపడాల్సింది నేను."

"స్లైడ్లు చూసి వేరు చేసుకోవచ్చుగా?"

"చేసుకోవచ్చు సార్. అది లెక్క కాదు, దొంగలెక్క. మూసేస్తే మూసేయండి, మళ్లీ అర్జీ పెట్టుకుంటాను. ఒప్పుకునేదాకా పెడుతూనే ఉంటాను."

తప్పంతా తన నెత్తిన వేసుకుంటున్న ఆమెను చూసి బాబాయి ముందుకొచ్చాడు.

"అయ్యా, గుర్తులు తుడిచింది నేను. ఇంకో మాట. ఆ ఓజోన్ మిషను ఘాటుకి నాకు తలనొప్పి. మొదటి సూది పడకముందే వెనక వైరు ఒకటి పీకేశా. లైటు వెలుగుతోంది కదా, పర్లేదనుకున్నా. అమ్మాయికి వారమంతా జలుబాయె, వాసన తెలీలేదు."

ప్రొఫెసర్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఆక్సిజన్‌ను ఓజోన్‌గా మార్చే మిషనే పనిచేయలేదు; ఇరవై ఎలుకలకూ అందింది ఉత్త ఆక్సిజనే. ఆమె కలానికి మూత పెట్టకపోయి ఉంటే, లేని ఓజోన్ మలేరియాను తగ్గించిందన్న కాగితం కింద ఆయనే సంతకం పెట్టేవారు.

మధ్యాహ్నానికల్లా కొత్త ఉత్తర్వు వచ్చింది: పది ఎలుకలకు ఓజోన్, పదింటికి ఆక్సిజన్, బాబాయికి ఆరు రోజుల సెలవు.