గాలికీ కూలి

ఒక పెద్ద అడవిలో, దాని పేరు చెబితే అక్కడి అధికారులు నొచ్చుకుంటారు కాబట్టి చెప్పను, వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మల్లో ఒక గిజిగాడు ఉండేవాడు. పేరు పోచయ్య. గూళ్ళు అల్లి అమ్ముకోవడం వాడి వృత్తి. గాలివానకు కొమ్మ విరిగినా వాడు అల్లిన గూడు మాత్రం చెక్కుచెదిరేది కాదు.

గిజిగాళ్ళ కులంలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతాడు. ఆడపిట్ట వచ్చి లోపల దూరి, పోచలు ముక్కుతో లాగి చూసి, నచ్చితే "ఊఁ, కానియ్" అంటుంది. నచ్చకపోతే మాటామంతీ లేకుండా ఎగిరిపోతుంది. మగపిట్ట ఏడుపు దిగమింగుకుని ఇంకోటి మొదలుపెడతాడు. అమ్మకంలోనూ పోచయ్యది ఇదే పద్ధతి. కావలసిన పిట్ట తుమ్మ దగ్గరికి వచ్చి సగం గూడు చూసుకునేది. నచ్చితే పది దొప్పల కొర్రలు ఇచ్చి, పూర్తయ్యాక పట్టుకుపోయేది.

ఆ ఏడు వాడికి ఒకటే బెంగ. వానలు పడేలోగా భార్య చుక్కమ్మకు గూడు అల్లాలి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా తినడానికి కొర్రలు కూడబెట్టాలి. చుక్కమ్మ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడుతున్నాయి. చుట్టుపక్కల పిట్టలకే అమ్ముకుంటే కొర్రలు ఎప్పటికి కూడేను?

సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది. ఎదుటివాడి బెంగ నక్కకు వాసన కొడుతుంది.

ఆ నక్క తనకు తాను సేవాదాసు అని పేరు పెట్టుకుంది. కొండ మీద కేకబండ దానిదే. ఆ బండ ముందు నిలబడి ఏం అరిచినా చుట్టూ ఉన్న కొండలన్నీ ఆ మాటే తిరిగి అరుస్తాయి. బండ నక్క పుట్టకముందు నుంచీ ఉంది, కొండలూ ఉన్నాయి. నక్క చేసిందల్లా చుట్టూ ముళ్ళకంప నాటి, రెండు చిలకల్ని జీతానికి పెట్టడం.

"పోచయ్యా, నువ్వు కళాకారుడివయ్యా! ఈ వాగు ఒడ్డున పడి ఉండాల్సినవాడివా? మా చిలకలు ఒక్క కేక వేస్తే అవతలి కొండల పిట్టలు కూడా నీ గూళ్ళ కోసం క్యూ కడతాయి" అంది నక్క.

"ఖర్చెంతవుతుంది సేవాదాసు గారూ?"

"ఛ ఛ! చేరడం ఉచితం. చిన్నవాళ్ళని పైకి తేవడానికే నేను పుట్టాను." కళ్ళు తుడుచుకుని, "ఒక్క నియమం ఉంది. కొన్నవాళ్ళకు నచ్చకపోతే గూడు వెనక్కి పంపొచ్చు" అంది.

ఉడుత గనక అయితే అక్కడ ఆగి ఆలోచించేది. పోచయ్య గిజిగాడు. తాతల నాటి నుంచీ నచ్చలేదనిపించుకుంటూ బతికిన కులం. "ఓస్, అంతేనా! మా ఇళ్ళలో రోజూ ఉండేదే" అని నవ్వి ఒప్పుకున్నాడు. చూసి వద్దనడానికీ, వాడుకుని వద్దనడానికీ ఉన్న తేడా వాడి బుర్రకు తట్టలేదు.

చిలకలు అరిచాయి, కొండలు అరిచాయి. మర్నాటికే గూడు అమ్ముడుపోయింది. పోచయ్య ఎగురుకుంటూ బండ దగ్గరికి వెళ్ళాడు. నక్క పది దొప్పలూ వరసగా పేర్చి, ఒక్కొక్కటే తన వైపు లాక్కోవడం మొదలుపెట్టింది.

"ఇది కేక వేసినందుకు. ఇది అమ్మిపెట్టినందుకు. ఇది గింజలు లెక్కపెట్టినందుకు."

"లెక్కపెట్టడానికీ తీసుకుంటారా?"

"లెక్క తప్పితే నీకే కదా నష్టం! ఇది, నేను తీసుకున్న రుసుముల మీద రాజుగారి పన్ను."

"మీరు తీసుకున్నదానికి పన్ను నేను కట్టడమేమిటండీ?"

"నీ కోసమే కదయ్యా తీసుకున్నాను!" అంది నక్క, నిజంగానే బాధపడిపోతూ.

మిగిలిన దొప్పల కోసం కోతి చెయ్యి చాపింది. సరుకు మోసుకెళ్ళి ఇచ్చేది కోతులే.

"గడ్డిపోచల గూడు అన్నా, ఈక బరువు కూడా ఉండదు. అంత కూలెందుకు?" అన్నాడు పోచయ్య.

"మేము బరువు చూడం, చోటు చూస్తాం" అంది కోతి. "నీ గూడు సంచిలో పెడితే ఇంకేమీ పట్టదు. లోపలంతా గాలే."

"గాలికీ కూలేనా?"

"మరి ఆ గాలిని కొండ దాటించింది మేమే కదా!"

అలా అయితే నొక్కి చదును చేసి పంపుతానన్నాడు పోచయ్య. చదును చేసిన గూడును ఏ పిట్ట కొంటుందని కోతి పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు మాత్రం రుసుము తీసుకోలేదు. పోచయ్య ఒక్క దొప్ప పట్టుకుని ఇంటిదారి పట్టాడు. ఆ ఒక్కటీ ఇల్లు చేరలేదు. వాగు గట్టు మీద దుమ్ములగొండి కాచుకుని ఉంది. పెద్ద జంతువులు తిని వదిలిన ఎముకలు కొరికే ఆ ప్రాణిని సింహం సుంకాల అధికారిగా వేసింది. యోగ్యత చూసే వేసింది.

"వాగు దాటించి అమ్మావటగా? అయితే నువ్వు వర్తకుడివి. పేరు నమోదు చేయించుకుని, తుమ్మకొమ్మకు పలక కట్టుకుని, సుంకం కట్టాలి."

"అయ్యా, పుల్లల గూళ్ళు కట్టి అమ్మే కాకులు నాకన్నా ఎన్నో రెట్లు అమ్ముతాయి. వాటికి పలకా లేదు, సుంకమూ లేదు."

"కాకులు ఇవతలి ఒడ్డునే అమ్ముతాయి. కేకబండ ఎక్కలేదు."

"నాకు ఇందులో లాభమే లేదండీ."

"సుంకం లాభం మీద కాదు, అమ్మకం మీద. ఎక్కువ కట్టాననిపిస్తే మా పైఅధికారి గద్దగారికి అర్జీ పెట్టుకో. దర్శనమిచ్చి మాట్లాడతారు."

గద్ద దర్శనానికి వెళ్ళిన చిన్నపిట్టలు ఏ దారిన పోయాయో అడవంతటికీ తెలుసు. పోచయ్య దొప్ప అక్కడ పెట్టేసి ఉత్త ముక్కుతో ఇల్లు చేరాడు.

అయినా మానలేదు. ఇంకా ఎక్కువ అమ్మితే గిట్టుబాటవుతుందని నక్క చెప్పింది. నష్టానికి అమ్మేవాడు ఎక్కువ అమ్మితే ఏమవుతుందో పసిపిల్లనడిగినా చెబుతుంది. పోచయ్య మాత్రం తిండీ నిద్రా మాని అల్లాడు, ముక్కు అరిగేలా అల్లాడు. వాగు ఒడ్డున మంచి గడ్డంతా కొండలవతలికే పోయింది.

ఒకనాడు కోతి ఒక గూడు తెచ్చి వాడి ముందు పడేసింది. వంశంలో ఎవరూ ఇల్లు కట్టుకున్న పాపాన పోని కోకిల ఒకటి దాన్ని కొన్నదట. అందులో గుడ్లు పెట్టి, ఒక అమాయకపు కాకి చేత పొదిగించి, పిల్లలు ఎగిరిపోయాక వెనక్కి పంపింది. లోపల గుడ్డుపెంకులు, ఈకలు, కంపు.

"నచ్చలేదట. కేకలో విన్నట్టు లేదట" అంది కోతి. "రాను కూలీ పోను కూలీ నువ్వే ఇవ్వాలి."

"పిల్లల్ని పెంచుకుందిరా దీంట్లో! ఈ పెంకులు కనబడటం లేదూ?"

"నియమం నువ్వు ఒప్పుకున్నదేగా?"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పోచయ్య దాచుకున్న పాత కొర్రలు తీసి ఇచ్చాడు. ఇస్తుంటే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

చుక్కమ్మ ఇదంతా పై కొమ్మ నుంచి చూస్తోంది. నైరుతి మూల మబ్బు కమ్ముకుంటోంది.

"ఏమయ్యా, ఏడు కొండల వాళ్ళకీ గూళ్ళు అల్లావు. నన్ను ఈ ముళ్ళ మీద గుడ్లు పెట్టమంటావా?" అంది. "రేపు పొద్దు వాలేలోగా గూడు కనబడకపోతే నేను మా వాళ్ళ చెట్టుకు పోతాను. కొర్రలు లేకపోతే ఏరుకు తింటాం. గుడ్లు గాల్లో పెట్టలేం."

పోచయ్యకు సిగ్గుతో తల వాలిపోయింది. పొద్దున్నే కేకబండకు పోయి, తన పేరు తీసేయమన్నాడు.

"నీ ఇష్టం, నీతో నాకిక పని లేదు" అంది నక్క, పళ్ళు కుట్టుకుంటూ. పై నుంచి చిలకల కేక వినబడింది: "సేవాదాసు గూళ్ళు! అచ్చం పోచయ్య గూళ్ళ లాంటివే, సగం ధరకే!" ఏ గూళ్ళు ఎక్కువ అమ్ముడుపోతాయో ఇన్నాళ్ళూ చూసుకుని, కాకుల్ని కూలికి పెట్టి నక్క సొంతంగా పుల్లల గూళ్ళు చేయించింది. దొంగతనమని అనకూడదు. పెద్దవాళ్ళు చేస్తే దాన్ని విస్తరణ అంటారు.

పోచయ్య వెనక్కి వచ్చి గడ్డి చీల్చడం మొదలుపెట్టాడు. ఏ తుమ్మకొమ్మ చివర ముళ్ళు ఎక్కువో, ఏది నీళ్ళ మీదికి బాగా వంగిందో చూసి, దానికి ముడి వేశాడు. సగం అయ్యాక చుక్కమ్మ వచ్చింది. లోపల దూరింది, ఒక పోచ లాగింది.

"గుమ్మం కొంచెం వంకర" అంది. ఇంకో పోచ లాగి చూసి, "పోనీలే, కానియ్" అంది. తొలి చినుకు పడేసరికి చుక్కమ్మ గూట్లో ఉంది.

అటు కేకబండ మీద వేడుక మొదలైంది. సగం ధర అనగానే లోకంలోని కోకిలలన్నీ సేవాదాసు గూళ్ళు కొన్నాయి. పిల్లలు ఎగిరిపోగానే అన్నీ వెనక్కి వచ్చాయి. "కేకలో విన్నట్టు లేదు." కోతులు రాను పోను కూలి అడిగాయి. కాకుల పుల్లల గూళ్ళు పోచయ్యవాటి కన్నా మూడింతలు చోటు పట్టాయి.

"ఉత్త పుల్లలురా! మధ్యలో ఉన్నది గాలి!" అని నక్క మొత్తుకుంది.

"ఆ గాలికే కూలి" అంది కోతి. "నియమం తమరు పెట్టిందే కదా."

దుమ్ములగొండి వచ్చి అమ్మకం మీద సుంకం అడిగింది. సరుకంతా తిరిగొచ్చిందంటే, గద్దగారికి అర్జీ పెట్టుకోమంది. ఈలోగా తిరిగొచ్చిన గూళ్ళు బండ ముందు గుట్టలుగా పడ్డాయి. చిలకలు గొంతు చించుకుని అరిచినా కేక ఆ పుల్లల్లోనే ఇంకిపోయింది. ఒక్క కొండా బదులు పలకలేదు.

బేరాలన్నీ మెల్లగా మళ్ళీ తుమ్మ దగ్గరికి వచ్చాయి. "ఇప్పుడే చూసుకో తల్లీ, లాగి చూసుకో. పూర్తయ్యాక వద్దంటే మాత్రం కుదరదు" అని పోచయ్య సగం గూడు చూపించేవాడు.

కథ ఇక్కడ ఆపితే నక్కకు తగిన శాస్తి జరిగిందని పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఆ అడవిలో రాజు కూడా ఉన్నాడు. నక్క సింహం పాదాల మీద పడి ఏడ్చింది. అంత పెద్ద నష్టం సింహం ఎన్నడూ వినలేదు. మనసు కరిగిపోయింది.

వారం తిరక్కుండా దుమ్ములగొండి వాగు ఒడ్డున నిలబడి పైకి అరిచింది. "పోచయ్యా! కేకబండ ఉద్ధరణ సుంకం. దిగిరా!"

"నేను బండ మీద అమ్మడం మానేశానండీ."

"అందుకేనయ్యా బండ నష్టపోయింది! మానేసినవాళ్ళు రెండింతలు కట్టాలి."

పోచయ్య కిందికి చూశాడు. కొమ్మ నిండా ముళ్ళు, కొమ్మ కింద పొంగే వాగు. తాతలు ఊరికే ఇలాంటి చోటు ఎంచుకోలేదని వాడికి ఆ క్షణాన అర్థమైంది.

"సుంకం రావాలనుకుంటే గద్దగారికి అర్జీ పెట్టుకోండి దొరా" అన్నాడు. గూట్లోంచి చుక్కమ్మ కిసుక్కున నవ్వింది.

దుమ్ములగొండి కాసేపు గుర్రుమని, నేల మీద కాపురముండే పూరేడుపిట్టల పొదల వైపు నడిచింది. వాటికి ముళ్ళూ లేవు, వాగూ లేదు. సాయంత్రానికి వాటి గింజలతో నక్క గాదె నిండింది. మర్నాడు బండ శుభ్రమై, కొండలు మళ్ళీ మోగాయి: "చేరడం ఉచితం!"

నీతి: నష్టపోదలచినవాడు బాగా పెద్దగా నష్టపోవాలి, చిన్న నష్టాన్ని ఏ రాజూ ఆదుకోడు.