అవతలి వరస చేమిరి

యుద్ధం ముగిసినప్పటి నుంచి ఆ వీధిలో ఏ ఇంటి పాలూ సొంత చేమిరితో తోడుకోవడం లేదు కాబట్టి, ఫారంలో ఏడో గడి ఎలా నింపాలన్న దాని మీద మంగతాయారుకూ కోడలు హైమకూ మొదలైన వాదన అప్పటికి గంట దాటింది.

శుక్రవారం రేషన్‌లో ఇంటికి గరిటెడు పెరుగు ఇస్తారు. అందులోంచి చెంచాడు సొంత పాలలో వేస్తే తెల్లారినా పాలు పాలే. ఎదుటి వరస ఇంటి చెంచాడు వేస్తే మాత్రం గడ్డ పెరుగవుతుంది. యుద్ధంలో రెండు వరసలూ చెరో పక్షం కనుక ఇచ్చిపుచ్చుకోవడానికి అనుమతి కావాలి. 'అవతలివారు విషం కలపరని మీకెలా తెలుసు?' అన్నది ఏడో గడి. దాని కింద రెండు వరసలూ నమ్మే మనిషి సంతకం చేయాలి. అలాంటి మనిషి ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. మార్చిలో పోయాడు. ఆ స్థానం భర్తీ అయ్యేవరకు దరఖాస్తులు తీసుకుంటామనీ, పరిశీలించబోమనీ ఆఫీసు బయట నోటీసు అంటించారు.

"తెలీదని రాసెయ్," అంది మంగతాయారు.

"తెలీదంటే ఇవ్వరత్తయ్యా. పూర్వ పరిచయం అని రాద్దాం."

"ఆ పరిచయమే మన చిన్నాడి పేరు సైనికులకు చెప్పిందన్నావుగా."

తిరిగిరాని మరిది ఊసు రాగానే హైమ కలానికి మూత పెట్టింది.

"పెరుగు లేకపోతే చచ్చిపోతామా?" అన్నాడు కొడుకు గోవిందు.

"ఈ వీధిలో పోయినవాళ్లెవరూ పెరుగు లేక పోలేదురా."

ఎదురింటి రత్తాలు పేరు చెక్కిన స్టీలు గిన్నె నాలుగేళ్లుగా వీళ్ల అటక మీద ఉంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు, నింపి ఇచ్చే రోజులు కావు. మంగతాయారు దాన్ని దించి, తోమి, రేషన్ పెరుగు వేసింది. దీపాలు పెట్టాక చేమిరి ఎవరూ ఇవ్వరు కనుక పొద్దు వాలకముందే వీధి దాటింది.

రత్తాలు తలుపు సగమే తీసింది. "నా గిన్నె నాలుగేళ్లు దాచుకున్నావే."

"ఖాళీగా ఎలా ఇవ్వమంటావు?"

"విషం కలిపావా?"

"రేషన్ పెరుగు. మళ్లీ వేరే కలపాలా?"

రత్తాలు నవ్వలేదు. "మా ఆయన పేరు వాళ్లకు చెప్పింది నువ్వేనా?"

"కాదు. మా చిన్నాడి పేరు?"

"నేను కాదు."

ఒకరి మాట ఒకరు నమ్మలేదు. రత్తాలు లోపలికెళ్లి ఇంకో గిన్నెలో తన ఇంటి పెరుగు తెచ్చి ఇచ్చింది.

మర్నాటికి పెరుగు చాకుతో కోయొచ్చన్నట్టుగా తోడుకుంది. మంగతాయారు ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, కుదురుగా నిలబడని పెరుగు కుండ కింద దోపింది. అందరూ కంచాల ముందు కూర్చున్నాక, తన అన్నంలో పెరుగు కలుపుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"ఇక రోజూ వెళ్తాను. ఎవరినీ అనుమతి అడగను. ముందు నేను తింటాను, గంటాగి మీరు తినండి."

హైమ గడియారం చూసి అన్నం మీద మూత పెట్టింది.

"గంట ఎందుకమ్మా, అరగంట చాలదా?" అన్నాడు గోవిందు.

"రత్తాలు వాళ్లింట్లోనూ గంటే. నిన్న గుమ్మంలోనే అనుకున్నాం."