డ్రాగన్ లోకానికి కాలువ

ఆ ఆదివారం పొద్దున ఇస్సాక్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నలుగురు మనుషుల్ని ఇంటికి పిలవాలి. వాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, కూతురు అఫ్సానా తయారు చేసిన ఆట ఆడాలి. మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఆటల కంపెనీ మనిషి వచ్చేసరికి వాళ్లు నవ్వుతూ ఆడుతూ కనపడాలి. తర్వాత అందరూ బిర్యానీ తిని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోవాలి. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందో ఎంత ఆలోచించినా ఇస్సాక్‌కి కనపడలేదు.

అఫ్సానా రెండేళ్ల కిందట హైదరాబాదులో అకౌంట్స్ ఉద్యోగం మానేసి భవానీపురంలోని ఇంటికి వచ్చేసింది. అప్పట్నుంచీ తన గదిలో కూర్చుని ఒక లోకాన్ని కడుతోంది. ఆ లోకం పేరు జ్వాలాంబరం. అందులో నాలుగు రాజ్యాలు, లెక్కలేనన్ని రాజవంశాలు, ఎవరికీ రాని ఒక భాష, మూడు వేల ఏళ్ల చరిత్ర ఉన్నాయి. వీటన్నిటినీ తగలబెట్టడానికి అగ్నికేతు అనే డ్రాగన్ ఉంది. దాన్ని కొండపల్లి బొమ్మలవాళ్ల చేత కర్రతో చెక్కించి, ఎర్ర రంగు వేయించి తెచ్చుకుంది. కంపెనీ ఒప్పుకుంటే ఆట అచ్చయి దుకాణాల్లోకి వస్తుంది. ఒప్పుకోకపోతే మళ్లీ పాత ఉద్యోగానికే వెళ్లిపోతానని తల్లి నజీమాకి మాటిచ్చింది. పెట్టె కూడా సర్దేసి హాల్లో పెట్టింది. ఆ పెట్టె కంటబడినప్పుడల్లా ఇస్సాక్‌కి తాగుతున్న టీ చేదెక్కేది.

అందుకే ఆట బోర్డు ముద్రించే పని తనే నెత్తినేసుకున్నాడు. వన్‌టౌన్‌లో అతనిది ఫ్లెక్సీల షాపు. ఆ పనిలో ఇన్నేళ్లూ అతను నేర్చుకున్నది ఒక్కటే, ఎక్కడా ఖాళీ వదలకూడదు. పుట్టినరోజు ఫ్లెక్సీలో ఒక మూల ఖాళీగా ఉంటే మేనమామ ఫొటో ఇరికిస్తాడు. మేనమామ దొరక్కపోతే రెండు పావురాలు వేస్తాడు. ఇంతవరకూ ఏ కస్టమరూ కాదనలేదు.

ముందురోజు కూతురిచ్చిన మ్యాపు షాపు కంప్యూటర్లో తెరిచి చూశాడు. పైన కొండలు, మధ్యలో అడవి, కింద పెద్ద మైదానం, అంచున సముద్రం. కొండల్లోంచి ఇంత లావు నది బయల్దేరి, దారిలో ఒక్కరికీ పనికి రాకుండా తిన్నగా వెళ్లి సముద్రంలో కలిసిపోతోంది. మైదానమంతా బోసిగా ఉంది. అన్ని నీళ్లు ఊరికే పోతుంటే ఇస్సాక్ ప్రాణం ఉసూరుమంది. కొండల కింద ఏడు గేట్లతో ఒక డ్యాము పెట్టాడు. దాని పక్కనుంచి మైదానం చివరిదాకా ఒక కాలువ లాగి, దానికి పిల్ల కాలువలు కూడా గీశాడు. సన్‌బోర్డు అనే గట్టి అట్ట మీద అచ్చు తీసి చూసుకుంటే కళ్లు చల్లబడ్డాయి. అమ్మాయికి ముందు చెప్పకుండా, తీరా చూశాక సంతోషపడనిద్దామనుకున్నాడు.

పిలిచిన నలుగురిలో ముగ్గురు వచ్చారు. ముగ్గురూ షాపుకి పాత కస్టమర్లే. వెంకటకృష్ణారావు ఉయ్యూరు దగ్గర చెరకూ వరీ వేసే రైతు. మాణిక్యం కొండపల్లి దగ్గర కరెంటు స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. అమలమ్మ గుణదలలో ఉంటుంది, రిటైరైన నర్సు, ఏటా తిరునాళ్ల ఫ్లెక్సీలన్నీ ఆమె చేతి మీదుగానే వస్తాయి. నాలుగో మనిషిగా రావాల్సిన బావమరిది హబీబ్ కడుపునొప్పని ఫోన్ చేశాడు. వంటింట్లోంచి నజీమాని లాక్కొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

అఫ్సానా బోర్డు మీది కవరు తీసింది. తీసినది తీసినట్టే ఆగిపోయింది.

"డాడీ, ఇదేంటి?"

"డ్యాము."

"అది తెలుస్తోంది. నా లోకంలో ఎందుకుంది?"

"ఖాళీగా ఉందమ్మా," అన్నాడు ఇస్సాక్. కూతురి మొహంలో సంతోషం కోసం వెతికాడు. అది అక్కడ లేదు.

ఇంకో బోర్డు తీసే టైము లేదు. అఫ్సానా ఆట చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ ఒక్కో రాజ్యానికి ఏలిక. తమ వీరుణ్ణి అడవి దాటించి, డ్రాగన్‌తో పోరాడి, గుహలో ఉన్న నీలమణిని ముందుగా ఎవరు తెస్తే వాళ్లు గెలిచినట్టు. ఆ డ్యామునీ కాలువనీ ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. మాణిక్యానికి కొండల రాజ్యం శిలాపురి వచ్చింది, అమలమ్మకి అడవి, వెంకటకృష్ణారావుకి మైదానం, నజీమాకి సముద్రతీరం.

పట్టించుకోనక్కర్లేదన్న మాట వెంకటకృష్ణారావు చెవిన పడలేదు. ఆయన చూపుడువేలు డ్యాము దగ్గర బయల్దేరి, కాలువ వెంబడే నడిచి నడిచి బోర్డు చివర ఆగింది.

"ఇదేనామ్మా నా రాజ్యం?"

"అవునంకుల్, పసిడిసీమ. మీకు ఎగిరే గుర్రాలున్నాయి."

"గుర్రాల సంగతి తర్వాత. కాలువ చివర్న పడ్డానన్నమాట." ఆయన గొంతు మారింది. సొంత పొలం కూడా కాలువ చివరే. నారుమళ్లు పోసుకుని కాలువ నీళ్ల కోసం ఊరు ఊరంతా ఎదురుచూస్తున్న రోజులవి.

"డ్యాము నా వైపుందండీ," అన్నాడు మాణిక్యం, దాని మీద చెయ్యి వేసి. "గేట్లు దించేస్తున్నా."

"అదేంటండీ, దేనికి?"

"కరెంటు తియ్యాలి కదండీ. నీళ్లు నిలవుంటేనే కరెంటు."

"మీ కొండల్లో కరెంటేం చేసుకుంటారండీ? ఉన్నది నాలుగు మేకలూ ఒక మంత్రగాడూ."

"మంత్రగాడికి ఫ్యాను వద్దా?"

"అంకుల్, డ్రాగన్ వచ్చేస్తోంది," అంది అఫ్సానా. "ఇప్పుడు పోరాడకపోతే మీ కోట కాలిపోద్ది."

"కాలనియ్యమ్మా. నారు ఎండిపోయాక కోటలో కూర్చుని ఏం తినమంటావు?"

అమలమ్మ ఫ్యాను గాలికి కార్డులు ఎగిరిపోతున్నాయని వాటిమీద అగ్నికేతుని పెట్టింది. కార్డులు కుదురుగా ఉన్నాయి. "ముందు ఒక కమిటీ వేసుకుందామండీ," అంది.

నజీమా అప్పటిదాకా కొంగుతో చేతులు తుడుచుకుంటూ బోర్డునే చూస్తోంది. "నాది ఎలాగూ ఉప్పు నేల. నేను రొయ్యల చెరువులు తవ్వించుకుంటా," అంది నిదానంగా.

"అమ్మీ, నీకు మత్స్యకన్యల సైన్యం ఉంది. దాంతో యుద్ధం చెయ్యాలి."

"యుద్ధమెందుకే, రొయ్యలకి మేత వేస్తారు."

"చెల్లెమ్మా, పక్కనే ఉప్పునీళ్లు పెడితే నా చేనేం కావాలి?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"పైన గేట్లు దించినాయన్ని వదిలేసి నా మీద పడతారేంటన్నయ్యా?"

అప్పుడే వెంకటకృష్ణారావు ఫోన్ మోగింది. చేసింది ఉయ్యూరు నుంచి ఆయన బావమరిది పుల్లయ్య. ఈయన మాణిక్యం మీది చూపు తిప్పకుండానే మాట్లాడాడు. "ఇప్పుడు కుదరదు బావా. పైన గేట్లు దించేశారు. మన శివారుకి చుక్క రాదంట. భవానీపురంలో ఇస్సాక్ భాయ్ ఇంట్లో కూర్చున్నాం. ఇవాళ ఇటో అటో తేలిపోవాల." అని పెట్టేశాడు.

కొంచెం వివరంగా చెప్పుంటే బాగుండేదని ఇస్సాక్‌కి అనిపించింది. కానీ వంటింట్లో బిర్యానీ దమ్ము మీదుంది, దాన్ని చూసే దిక్కు ఇప్పుడు తనే. లోపలికి వెళ్లాడు. పుల్లయ్య ఆ ఫోన్ మాట్లాడింది పదిమంది రైతులున్న టీ కొట్టులోనని, అదీ స్పీకర్ పెట్టి మాట్లాడాడని అతనికి తెలిసే వీల్లేదు.

అతను తిరిగొచ్చేసరికి గొడవ ముదిరింది. అఫ్సానా వంటింటి గుమ్మం దగ్గర అడ్డం నిలబడింది.

"వాళ్లింకా ఆట మొదలే పెట్టలేదు డాడీ. ఒక్కళ్లూ డ్రాగన్ వంక చూడట్లేదు. కంపెనీ ఆయన వచ్చి ఇదంతా చూస్తే ఏమనుకుంటాడు?" ఆమె కళ్లు హాల్లో ఉన్న పెట్టె మీదికి పోయాయి.

తను పెట్టిన డ్యాము తనే తీసెయ్యాలని ఇస్సాక్ నిశ్చయించుకున్నాడు. షాపు నుంచి తెచ్చిన ఆకుపచ్చ స్టిక్కరు ముక్క ఒకటి ఉంటే, చప్పుడు చెయ్యకుండా వెళ్లి డ్యాము మీద అంటించాడు.

"ఏంటి భాయ్, డ్యాము కనపడకుండా చేస్తున్నారు?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"నా గేట్లు కబ్జా చేస్తారండీ?" అన్నాడు మాణిక్యం. ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీదికొచ్చి చెరోవైపు నుంచీ స్టిక్కరు పీకారు. దాంతోపాటు మూడు గేట్ల రంగు కూడా ఊడొచ్చింది.

"మూడు గేట్లు కొట్టుకుపోయాయి," అంది అమలమ్మ. "ఇప్పుడు కింద వరదండీ."

వరద నష్టం ఎవరు భరించాలనే దగ్గర మాట మాట పెరుగుతుండగా మెట్ల మీద చాలా కాళ్ల చప్పుడైంది. ఇస్సాక్ తలుపు తీశాడు. గుమ్మం బయట మెట్ల కిందిదాకా తుండుగుడ్డలు వేసుకున్న రైతులు నిలబడున్నారు. ముందు పుల్లయ్య. వాళ్ల మధ్య ఇరుక్కుని, ఇస్త్రీ చొక్కా, మెళ్లో ఐడీ కార్డు, భుజాన ల్యాప్‌టాప్ సంచీతో ఒక కుర్రాయన. ఆటల కంపెనీ నుంచి రావాల్సిన హర్షవర్ధన్ అతనే అయ్యుంటాడని ఇస్సాక్‌కి అర్థమైంది.

పుల్లయ్య కూడా ఆ ఐడీ కార్డు చూశాడు. అతనికి ఇంకోలా అర్థమైంది. "ఆఫీసరు గారు కూడా వచ్చారు, మంచిదైంది. చెప్పండి సార్, నీళ్లెప్పుడు?"

హర్షవర్ధన్ చుట్టూ చూశాడు. ఆట పరీక్షకి ఇంతమందిని, ఇంత చక్కటి వేషాలతో దింపిన వాళ్లని అతను ఇంతవరకూ చూడలేదు. అతనికి భలే నచ్చింది. "మీరే చెప్పండి. మీకెప్పుడు కావాలి?" అన్నాడు హుషారుగా.

రైతులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆ ప్రశ్న వేసిన ఆఫీసరు వాళ్లకీ కొత్తే. గౌరవంగా దారిచ్చి లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేశారు.

"ఏ రాజ్యం మీది?" అనడిగాడు హర్షవర్ధన్ కూర్చుంటూ.

"ఏదైతే ఏముంది సార్, ఎవరొచ్చినా శివారుకి నీళ్లు రావు."

"నీళ్లిప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి?"

బల్ల చుట్టూ ఉన్న వేళ్లన్నీ మాణిక్యం వైపు తిరిగాయి. పుల్లయ్య అతని దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "గేట్లు దించింది మీరేనాండీ?"

"నేనేనండీ," అన్నాడు మాణిక్యం, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుతూ.

"ఏ ఆఫీసు మీది?"

"శిలాపురి."

ఆ పేరుతో ఆఫీసు ఎక్కడుందో పుల్లయ్యకి తట్టలేదు. అప్పుడు బల్ల మీదికి చూశాడు. ఎగిరే గుర్రాలు, మత్స్యకన్యలు, కార్డుల మీద బోర్లా పడుకున్న డ్రాగన్.

"బావా," అన్నాడు వెంకటకృష్ణారావు చిన్నగా, "ఇది ఆట."

"ఆటా?"

"ఆటే. కానీ నీళ్లు మాత్రం నిజంగానే ఆపాడు."

వెనక ఎవరో "రెండు ట్రక్కాటోలు కట్టించుకొచ్చాం గదరా," అన్నారు నీరసంగా. పుల్లయ్య బోర్డు మీదికి వంగాడు. "ఈ కాలువ ఎవరు గీశారు?"

"నేనూ అదే అడుగుదామనుకున్నా," అన్నాడు హర్షవర్ధన్. "మాకు పంపిన డిజైన్‌లో ఇది లేదే."

అఫ్సానా నోరు తెరిచేలోగా ఇస్సాక్ ముందుకొచ్చాడు. "నేనే సార్. అమ్మాయి తప్పేం లేదు. ఫ్లెక్సీలవాణ్ణి, ఖాళీ కనపడితే చూడలేను. లోకమంతా తనది, ఈ డ్యామూ కాలువా మాత్రమే నావి. వీటిని తీసేసి చూడండి సార్. ఆ లోకానికి మూడు వేల ఏళ్ల చరిత్రుంది."

"తీసెయ్యడమేంటయ్యా," అన్నాడు పుల్లయ్య. "కష్టపడి తవ్వావు. వాలు చూసుకోలేదంతే. పెన్నుందా?"

అని కుర్చీ లాక్కుని కూర్చుని కొత్త కాలువ గీశాడు. అది మరెక్కడా తిరక్కుండా తిన్నగా బావ రాజ్యంలోకి వెళ్లింది. మాణిక్యం ఒప్పుకోనన్నాడు. రైతులు సగం మంది నజీమా వెనక చేరారు, వాళ్లకీ రొయ్యల చెరువులున్నాయి.

అఫ్సానా కాసేపు వాళ్ల మొహాలే చూస్తూ నిలబడింది. తర్వాత డ్రాగన్ రూల్సు కాగితం మడిచి పక్కన పెట్టి, తన పాత దండ తెంపి నీలం పూసలు బల్ల మీద పోసింది. "ఇవి నీళ్లు. ప్రతి వంతుకీ కొండల రాజు ఇన్ని వదలాలి. వదలకపోతే కరెంటొస్తుంది గానీ తిండి రాదు. పుల్లయ్య బాబాయ్, పంటకి ఎన్ని తడులు కావాలి?"

అక్కణ్ణుంచి ఆట నడిచింది. హర్షవర్ధన్ చూడ్డానికని అమలమ్మ పక్కన చేరి, కాసేపటికి అడవి తరఫున చేపల మీద పన్ను అడుగుతున్నాడు. ఎనిమిది మందికి వండిన బిర్యానీ పాతికమంది తిన్నారు. ఎవరికెంత వచ్చిందో ఎవరూ గమనించలేదు, కళ్లు బోర్డు మీదే ఉన్నాయి. హర్షవర్ధన్ ఎక్కాల్సిన రైలు కూడా అతను లేకుండానే వెళ్లిపోయింది.

చీకటి పడే వేళకి హర్షవర్ధన్ లేచి చొక్కా సర్దుకున్నాడు. "ఈ ఆట మేం వేస్తామండీ. ఒక్కటే మాట. డ్రాగన్ వద్దు. దాంతో ఎవరికీ పని పడలేదు."

అఫ్సానా మొహం వాడిపోయింది. ఇస్సాక్ పెట్టె వైపు చూశాడు.

"అదెలా కుదురుద్దండీ," అన్నాడు వెంకటకృష్ణారావు. "అమ్మాయి రెండేళ్లు పెంచుకుంది."

"తీసేస్తే నేనూ ఒప్పుకోను," అన్నాడు మాణిక్యం. మధ్యాహ్నం నుంచీ ఒక్క పూస కూడా వదలని మనిషి.

అమలమ్మ కార్డుల మీంచి అగ్నికేతుని లేపి, దుమ్ము దులిపి, డ్యాము పక్కన నిలబెట్టింది. "ఈయన్నిక్కడ పెడితే సరిపోద్దిగా. ఎవరూ దొంగతనంగా గేట్లెత్తకుండా చూసుకుంటాడు."

హర్షవర్ధన్ ఆలోచించి తలూపాడు. అఫ్సానా నవ్వింది. ఇస్సాక్ ఇంకెవరూ మాట్లాడకముందే పెట్టె తీసుకెళ్లి అటక మీద పడేశాడు.

మూడు వేల ఏళ్లపాటు నాలుగు రాజ్యాలను గడగడలాడించిన అగ్నికేతుకి అలా ఏడో గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది, అదీ టెంపరరీగా.