జూనియర్‌గారు

…అయినా అబద్ధం చెబుతున్నది రంగు వేసుకున్న జుట్టా, అద్దంలో ఉన్న మనిషా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను. ఈలోగా చెవి మీద పడ్డ రంగు ఆరి మచ్చ కట్టేసింది. దాన్ని రుద్దుకుంటూ ఉండగానే టీవీలో న్యాయశాఖ మంత్రిగారు ఆ చారిత్రక ప్రకటన చేశారు.

“నెరిసిన తలకు నల్లకోటు! యాభై దాటి లా పాసైన వాళ్లని పెద్ద పెద్ద లా ఫర్మ్‌లలో ట్రైనీలుగా చేర్పించే పూచీ నాది. తెల్ల వెంట్రుకను గౌరవించని సమాజం సమాజమే కాదు!”

మంత్రిగారి దూరదృష్టి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. ఆయన తల మాత్రం కాకి రెక్కలా నిగనిగలాడుతోంది.

“విన్నారా?” అంది మా ఆవిడ వంటింట్లోంచి. “తెల్లజుట్టుకి ఉద్యోగాలట. మీరేమో ఇప్పుడే నల్లగా చేసుకున్నారు. మీరు గొడుగు కొన్న రోజే వాన వెలుస్తుంది.”

ఆవిడ మాటలో తప్పులేదు. ఆలస్యం నా వృత్తి. రైల్వే స్టేషన్లో పాతికేళ్ల పైన మైకు ముందు కూర్చుని, ఏ రైలు ఎంత ఆలస్యమో జనానికి చెప్పాను. ఒకరోజు అధికారులు వచ్చి నా గొంతు చాలా బావుందని మెచ్చుకుని, ఊళ్ల పేర్లూ అంకెలూ అన్నీ నాచేత చదివించి రికార్డు చేసుకున్నారు. ఆ తర్వాత నేను అక్కర్లేకపోయాను. నా గొంతే నా ఉద్యోగం లాక్కుంది. ఎవరి మీద కేసు వెయ్యాలో తెలుసుకుందామని సాయంత్రం కాలేజీలో లా చదివాను. పాసయ్యాను గాని, అది మాత్రం తెలియలేదు.

లా పాసైతే సరిపోదు. ఏడాదిపాటు ఒక సీనియర్ దగ్గర ట్రైనీగా చెయ్యాలి. ఆ ఏడాదిలో ఒక్కసారైనా జడ్జి ముందు లేచి, కనీసం వాయిదా అయినా అడగాలి. అడిగాడని సీనియర్ సంతకం పెడితేనే లైసెన్సు. అంటే లాయరుకీ నాకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క వాక్యం.

ఆ వాక్యం కోసం ఎన్ని ఫర్మ్‌ల మెట్లెక్కానో! ఎక్కడా ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. “మీలాంటి పెద్దలకు మేం నేర్పేదేముంది సార్!” అన్నారొకచోట. “మీచేత ఫైళ్లు మోయిస్తే మాకు పాపం చుట్టుకోదూ?” అన్నారు ఇంకోచోట. ఒక యువ భాగస్వామి అయితే నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను కూర్చుంటే గాని కూర్చోనన్నాడు. ఆయన కూర్చుంటే గాని కూర్చోనని నేనన్నాను. ఇంటర్వ్యూ నిలబడే జరిగి, లిఫ్టు దగ్గర ముగిసింది. బటన్ కూడా ఆయనే నొక్కాడు.

అప్పుడు నాకొకటి తోచింది. మన భాషలో మనిషిని బయట పెట్టడానికి తలుపు వెయ్యక్కర్లేదు. ‘మీరు’ అంటే చాలు.

ఆ ‘మీరు’ని తప్పించుకోవడానికే రంగు వేసుకున్నాను; ప్రకటన విన్నాక దరఖాస్తు పెట్టాను. పథకం ప్రారంభోత్సవం నాడు వేదిక వెనక పెద్ద కలకలం రేగింది. దానికి కారణం నా తల.

“ఇదేంటండీ!” అన్నాడు కార్యక్రమం చూసుకునే ఆఫీసరు, ఏడుపు ఒక్కటే తక్కువ. “లబ్ధిదారు తల నెరిసి ఉండాలని జీవోలో ఉంది. మీరు మంత్రిగారికంటే నల్లగా ఉన్నారు!”

“కడుక్కురమ్మంటారా?”

“టైమెక్కడిది? పౌడర్ ఉందా ఎవరి దగ్గరైనా?”

మంత్రిగారి మేకప్ డబ్బా వచ్చింది. అందులోని పౌడర్‌తో రెండు నిమిషాల్లో నన్ను తగినంత వృద్ధుణ్ణి చేశారు. మంత్రిగారు నల్లకోటు తొడిగి, నా తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించారు. ఆయన చెయ్యి ఎత్తేసరికి నా నడినెత్తిన అయిదు వేళ్ల నల్లటి అచ్చు, ఆయన అరచేతిలో నా వార్ధక్యం. ఫోటోగ్రాఫర్ల అదృష్టం, అప్పటికే ఫోటో అయిపోయింది.

పథకంలో చేరిన ఫర్మ్ ఒక్కటే, మంత్రిగారి కోడలిది. చేరిన ట్రైనీ కూడా ఒక్కడే, నేను. మర్నాడు పేపర్లో ‘నూటికి నూరు శాతం విజయం’ అని వచ్చింది. లెక్క ప్రకారం అందులో రవ్వంత అబద్ధం లేదు.

ఆ కోడలే నా సీనియర్ మేడమ్. ముప్పై ఏళ్లుంటాయి. మొదటిరోజు నన్ను “అంకుల్” అంది. నేను “మేడమ్” అన్నాను. అంకుల్ మేడమ్ అనేసరికి గదిలో అందరికీ ఇబ్బంది అనిపించి, మధ్యాహ్నానికల్లా నేను “సార్” అయ్యాను. తలుపు మీద బోర్డు రాసేవాడు ఇంకా గందరగోళపడి ‘జూనియర్‌గారు’ అని రాసి ఊరుకున్నాడు.

నాకు కిటికీ పక్కన మెత్తటి కుర్చీ వేశారు. మిగతా జూనియర్లు గోడవార చెక్క స్టూళ్ల మీద కూర్చునేవాళ్లు. నాకు టీ కప్పూ సాసరుతో వచ్చేది, వాళ్లకి గాజు గ్లాసుల్లో. వాళ్ల మీద మాత్రం పొద్దస్తమానం పిడుగులు పడేవి.

“బుద్ధుందా నీకు? ప్రతివాది పేరు వాది దగ్గర రాస్తావా? మళ్లీ రాయి! నువ్వు, అవును నువ్వే, ఆ పళ్లికిలింపు ఆపి కోర్టుకెళ్లి వాయిదా అడుగు!”

తిట్లు తిన్నవాడు మర్నాటికి ఆ తప్పు చేసేవాడు కాదు. వారానికి ఒక మెట్టు ఎక్కేవాడు. నేను కూడా ఒక పిటిషన్ రాసి, ప్రతివాది పేరు కావాలనే వాది దగ్గర పెట్టి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ చదివింది. ముక్కుపుటాలు అదిరాయి. నా గుండె ఆశతో కొట్టుకుంది. ఆవిడ నా తలవైపు చూసింది. రంగు దిగిపోయి మూడొంతులు తెల్లగా ఉంది.

“చాలా బావుంది సార్,” అని డ్రాయర్లో పెట్టేసింది.

ఆ రాత్రి నా మనసును నేనే బోనెక్కించి అడిగాను: తిట్టించుకోవాలని ఎందుకింత ఆరాటం? చిన్నప్పుడు మా నాన్న నన్ను తిట్టేవాడు కాదు, తమ్ముణ్ణే తిట్టేవాడు. వాడికి సైకిల్ తొక్కడం వచ్చింది. నాకు ఇప్పటికీ రాదు. సాక్షి అంతకుమించి ఏమీ చెప్పలేదు.

“మేడమ్, ఒక్కసారి వాయిదా అడగడానికి నన్ను పంపండి,” అన్నాను ఏడాది చివరికొస్తుంటే.

“ఛఛ! వాయిదా అడగడానికి మిమ్మల్ని పంపుతామా సార్? లోకం ఏమనుకుంటుంది?”

“సంతకం…”

“దాందేముంది, చూద్దాం. టీ తాగారా?”

ఫర్మ్‌లో పెద్ద కేసు మంత్రిగారిదే. అరవై దాటినవాళ్లకి టికెట్ ఇవ్వకూడదని ఆయన పార్టీ తీర్మానం చేసింది. వెంటనే మంత్రిగారు తన కాగితాలు తిరగేసుకుని చూసుకుంటే, ఆయనకి యాభై రెండే అని తేలింది. క్రమశిక్షణ గల కార్యకర్త అలాగే ఉంటాడు. అయితే ఆయన తమ్ముడికి అప్పటికే యాభై ఆరు. ఆ తమ్ముడు మొండిమనిషి, దేశంకోసం వయసు తగ్గించుకోవడానికి ఒప్పుకోలేదు. పైగా, ‘నేను మా అన్నకంటే పెద్దవాణ్ణి ఎలా అయ్యాను? తమ్ముడిగా నా స్థానం నాకు ఇప్పించండి’ అని కోర్టుకెక్కాడు. మా ఫర్మ్ ఏళ్ల తరబడి ఆ కేసులో వాయిదాలు తెస్తోంది. కారణం ఎప్పుడూ ఒకటే, మంత్రిగారికి జ్వరం.

పథకం వార్షికోత్సవం కోర్టు పక్క మైదానంలో పెట్టారు. కుర్చీలు నిండాలి గనక ఊళ్లో లాయర్లందరినీ పిలిచారు. మా జూనియర్లందరూ వెళ్లారు. నేనూ కోటు దులుపుకుని బయల్దేరాను.

“మీరు రానక్కర్లేదు సార్,” అంది మేడమ్. “వేదిక మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీలో మీరున్నారు. మళ్లీ మీరెందుకు? కోర్టు హాల్లో మన కుర్చీ ఖాళీగా ఉండకుండా కూర్చోండి. మన కేసు సాయంత్రం దాకా పిలవరు. ఈలోగా మా వాడొకడు వచ్చి వాయిదా అడుగుతాడు.”

గొంతు పోయింది. ఇప్పుడు మొహం కూడా పోయింది. మిగిలింది తీసుకెళ్లి కోర్టులో కూర్చోబెట్టాను.

నా పక్కకి మంత్రిగారి తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. బట్టతల, మెడలో మఫ్లర్.

“మీరు అటువైపు వాళ్లు గదూ అన్నా? ఇవాళ కూడా జ్వరమేనా?”

“నాకు తెలీదండీ. నేను కుర్చీ కోసం వచ్చాను.”

“నాకు డబ్బూ దస్కం వద్దన్నా,” అన్నాడు గొంతు తగ్గించి. “చిన్నప్పుడు మా అన్నయ్య నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఇప్పుడు పదిమందిలో ‘పెద్దలు, మా సోదరులు’ అంటూ నాకు దండం పెడుతున్నాడు. ఒళ్లు మండిపోదూ?”

నా కళ్లు ఎందుకో కుర్చీ చేతి మీదే ఉండిపోయాయి.

లాయర్లంతా మైదానంలో ఉండటంతో ముందున్న కేసులు ఒకదాని వెనక ఒకటి టపటపా వాయిదా పడ్డాయి. మంత్రిగారి పుణ్యమా అని న్యాయం అంత వేగంగా కదలడం ఆ కోర్టు ఎన్నడూ చూడలేదు. టీవేళకి ముందే మా కేసు పిలిచారు.

రావలసిన మావాడు రాలేదు. నేను లేచాను. ఏడాదిగా, కాదు, ఇంకా ముందునుంచీ దాచుకున్న వాక్యం నాలిక చివర ఉంది.

“వాయిదా ఇప్పించవలసిందిగా కోరుతున్నాం.”

చెప్పేశాను! ఇంతేనా అనిపించింది.

జడ్జిగారు నా తెల్లజుట్టు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. “మీలాంటి సీనియర్ స్వయంగా వచ్చి వాయిదా అడుగుతారా? కారణం?”

‘జ్వరం’ అనబోయాను. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి మైదానంలోని లౌడ్‌స్పీకర్ గర్జించింది. “…నాలో అలసట లేదు! ఆరోగ్యం నా ఆస్తి! యువరక్తం ఉరకలు వేస్తోంది!” చప్పట్లు.

హాలంతా నావైపు చూసింది. నా బుర్ర ఆగిపోయింది. బుర్ర ఆగిపోయినప్పుడు మనిషిలో పాత ఉద్యోగం పనిచేస్తుంది. నా గొంతు దానంతట అదే సర్దుకుంది.

“దయచేసి వినండి. మంత్రిగారు నిరవధికంగా ఆలస్యంగా నడుస్తున్నారు. ఈ అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

వెనక బెంచీలో ఇద్దరు లేచి సంచులు భుజానికి తగిలించుకున్నారు.

జడ్జిగారు కలం కింద పెట్టారు. “ఆ గొంతు మీదా? నా సర్వీసులో సగం మీ మాట నమ్మి ప్లాట్‌ఫారమ్ మీద గడిపాను.” తర్వాత తమ్ముడివైపు తిరిగారు. “ఇక చాలు. ఏమయ్యా, మీ అమ్మగారు ఉన్నారా?”

“ఉందండీ. మీటింగులో ముందు వరసలో కూర్చోబెట్టారు.”

“మరి ఇన్నేళ్లలో ఆవిణ్ణి ఎవరూ అడగలేదా?”

తమ్ముడు ఆలోచించాడు. “అడగొచ్చాండీ?”

కోర్టు బంట్రోతు వెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చాడు. కర్ర పొడుచుకుంటూ ముసలావిడ లోపలికొచ్చింది. వెనకే మెడలో దండతో మంత్రిగారు పరుగున వచ్చి, తలుపు దగ్గర జనం వెనక ఆగిపోయారు. ఎండకో పరుగుకో ఆయన కణతల మీంచి నల్లటి చెమట కారుతోంది.

“అమ్మా, మీ ఇద్దరబ్బాయిల్లో ఎవరు పెద్ద?” అన్నారు జడ్జిగారు.

“అదేం ప్రశ్న నాయనా, చూస్తే తెలీటం లేదూ?” అంది ఆవిడ. “ఒరే పెద్దోడా! అలా దాక్కుంటావేంరా? ముందుకి రా!”

మంత్రిగారి కాళ్లు కదిలాయి. నాలుగడుగులు వేశాకగాని ఆయనకి మంత్రి పదవి గుర్తురాలేదు.

“చిన్నోడా, నువ్వు ఆ ముక్కు తుడుచుకో,” అందావిడ.

యాభై తొమ్మిదేళ్ల మనిషి మఫ్లర్‌తో ముక్కు తుడుచుకుని నవ్వాడు. అంత సంపూర్ణంగా తిట్లు తిన్న మొహం నేనెక్కడా చూడలేదు. అసూయ అనే మాటకి అర్థం నాకు ఆ క్షణంలో తెలిసింది.

జడ్జిగారు రెండు వాక్యాల తీర్పు చెప్పి టీకి లేచారు.

ఆఫీసుకొచ్చి నా మెత్తటి కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి మేడమ్ వచ్చింది. చేతిలో ఉన్న ఫైలు నా ముందు నేలమీద కొట్టింది. కాగితాలు గదంతా ఎగిరాయి.

“బుర్రుందా నీకు?” అంది.

నా వెన్ను నిటారుగా అయింది.

“నిన్నే! వాయిదా అంటే ఏంటో తెలుసా నీకు? నోరు తెరిచి జ్వరం అని చెప్పలేవా? రైళ్లు నడుపుతున్నావా అక్కడ? మా మామగారి టికెట్ పోయింది, పథకం పోయింది, ఇందాకట్నుంచీ ఒక్క ఫోను ఎత్తలేకపోతున్నాను. సంతకం కావాలా నీకు, సంతకం? ముందు ఆ కాగితాలన్నీ ఏరు. రేపు పొద్దుటికి అప్పీలు రాసి నా టేబుల్ మీద పెట్టు. వాది ఎవరో ప్రతివాది ఎవరో మళ్లీ తారుమారు చేశావంటే చూడు, ఊరుకునేది లేదు! ఏం చూస్తున్నావ్ అలా?”

“ఏం లేదు మేడమ్.”

కాగితాలు ఒక్కొక్కటే ఏరి, అంకెల వరసన పెట్టి, తాడు కట్టాను. గోడవారన కూర్చున్న కుర్రాడు కొంచెం జరిగాడు.

నేను వెళ్లి ఆ చెక్క స్టూలు మీద కూర్చుని, పెన్ను మూత తీశాను.