దేవిదాస్ ఇంట్లో ఫ్యామిలీ ప్లానింగ్

మగవాడి గుండెలో ఆడదాని మీద జాలి పుట్టాలంటే దగ్గరి దారి ఒక్కటే. ఇంట్లో ఒక ఆడకుందేలును పెంచాలి!

నవ్వకండి. బాన్సువాడ దేవిదాస్ సంగతి వింటే మీరే వెళ్లి ఒకటి కొనుక్కొస్తారు.

దేవిదాస్ వరి, చెరుకు పండించే మోతుబరి. పిల్లలు ముచ్చటపడ్డారని నిజామాబాద్ నుంచి తెల్లకుందేళ్ల జంటను తెచ్చాడు. ఏడాది తిరగకముందే మంచం కింద కుందేళ్లు, నీళ్ల గాబు వెనుక కుందేళ్లు, వడ్ల బస్తాల సందున కుందేళ్లు! చుట్టాలకు పంచిపెట్టాడు. చుట్టాలు రావడం మానేశారు. కొత్తిమీర మడి నున్నగా గుండైంది. పెరటి గోడ కింద అవి తవ్విన సొరంగాలకు ఒకనాడు గోడే ఒరిగింది.

ఇది బెడద అంటారా? వరమండీ, వరం! గోడల మీద ఎర్ర త్రికోణాలు గీసి సర్కారు ఏళ్ల తరబడి మొత్తుకున్నా దేవిదాస్ చెవికెక్కని ఫ్యామిలీ ప్లానింగ్, ఆ ఒక్క గోడ కూలడంతో ఎక్కేసింది!

అప్పటికి ఆయన భార్య గంగమణికి ముగ్గురు పిల్లలు. మూడో కాన్పులో నెత్తురు పోయి చావు తప్పింది. ఇంకొకటి వస్తే ప్రాణానికే మోసమని దవాఖానలో చెప్పారు. వచ్చే గురువారం క్యాంపు ఉందని, మగవాళ్లకైతే చిన్న కోతతో పోతుందని నర్సమ్మ ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"నేను బరువులు మోసెటోన్ని. నాకు గవన్ని నడువయ్" అన్నాడు దేవిదాస్. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎలా ఎత్తుతాడు? కుందేలు ఫికర్‌లో ఉన్నాడాయె!

సోమవారం ఆడకుందేలును గంపలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, గంగమణి ఒళ్లో ఉంచి, రిక్షాలో పశువుల దవాఖానకు బయలుదేరదీశాడు.

"గుంతలల్ల ఎత్తేయకు తమ్మీ, కడుపుతోటి ఉందో ఏమో" అని రిక్షావాడికి దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. గంగమణి మూడు కాన్పులకూ ఎడ్లబండి మీదే వెళ్లింది. అప్పట్లో గుంతలు లేవు కాబోలు.

పశువుల డాక్టరు తారాచంద్ కుందేలును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, ఆడదానికైతే పొట్ట కోయాలె. మత్తుసూదికి తట్టుకుంటదో లేదో చెప్పలేను."

దేవిదాస్ ముఖం వాడిపోయింది. "పొట్ట కోసుడా? కుట్లు నొస్తయా సార్? ఎన్నొద్దులు పండుకోవాలె? మేత ఎప్పుడు పెట్టాలె? ఈగలు వాలితే ఎట్ల?"

"గింత ఫికరెందుకు? మగదాన్ని తీసుకరా. చిన్న కోత. రెండు దినాలల్ల గంతులేస్తది."

"గట్ల చెప్పుండ్రి సార్! కని కని అలసిన ఆడపానం. మగదానికి అల్కగ అయ్యేది ఉండంగ దీని పొట్ట ఎందుకు కోసుడు? పాపం తగులుతది!"

విన్నారా? కరుణ అంటే ఇది! ఒక్క కుందేలు ఒక మనిషిని ఎక్కడికి తీసుకెళ్లిందో చూశారా?

గంగమణి గంప మీది గుడ్డ సర్దుతూ, "మరి బేస్తారం నాడు క్యాంపుల నా పొట్టనో?" అంది.

డాక్టరు కిటికీలోంచి బయట కట్టేసిన ఎద్దును శ్రద్ధగా చూడసాగాడు.

"ఏందే నువ్వు? మనుషులకూ పశువులకూ పోలికనా?" అన్నాడు దేవిదాస్.

నిజమే. ఎక్కడి పోలిక!

బుధవారం మగకుందేలుకు ఆపరేషన్ అయింది. దేవిదాస్ దానికి మెత్తటి బొంత పరిచాడు. పిల్లల్ని గట్టిగా మాట్లాడనివ్వలేదు. గురువారం పొద్దున గంగమణి క్యాంపుకు బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు.

"నేనూ వస్తుంటి గని, దీన్ని ఇడిచిపెట్టి ఎట్ల రావాలె? మా అక్క భూమవ్వను తోల్కపో."

గొంతు నిండా జాలే. కాస్త పక్కకు ఒలికింది, అంతే. జాలి జాలే కదా!

క్యాంపు బడి వరండాలో పెట్టారు. చాపల మీద ఆడవాళ్లు వరసగా పడుకుని ఉన్నారు. నిజామాబాద్ నుంచి వచ్చిన నర్సు గంగమణిని చూసి, "మీ ఇంటాయన రాలేదా?" అని అడిగింది.

"ఎట్ల వస్తడమ్మా? మా ఇంట్ల నిన్ననే మగపానానికి ఆపరేషన్ అయింది."

నర్సు ముఖం వెలిగిపోయింది. "సార్! బాన్సువాడల ఒక్క మగాయన ముందుకొచ్చిండు సార్!" అని లోపలికి కేకేసింది. చాపల మీది ఆడవాళ్లంతా తలలెత్తి గంగమణి వైపు చూశారు. నర్సు ఆమె భుజం తట్టి, "మగాయనకు అయినంక ఇగ నీకెందుకమ్మా? ఇంటికి పో" అంది.

గంగమణి ఖాళీ చాప చూసుకుని, కొంగు బిగించి, మెల్లగా ఒరిగింది.

"ఆపరేషన్ అయినాయన గడ్డి తింటడమ్మా. అన్నం తినేటాయన ఇంట్ల పైలంగనే ఉన్నడు. నాకే కానియ్యుండ్రి."