డోరీన్ ఎక్కిళ్ళు

అచ్చుతప్పులుంటే సర్దుకొని చదవండి. నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. రాయడం నెమ్మది కాబట్టి కథ పొట్టిగానే చెబుతాను.

శనివారం పొద్దున టీ తాగుతుండగా మా ఊరి డోరీన్‌కు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పదింటికి క్లబ్బు పచ్చిక మీద, గురికి దగ్గరగా బంతులు దొర్లించే ఆట ఫైనల్. ఏటా పక్క ఊరి ఐవీ ఎత్తుకుపోయే కప్పును ఈసారైనా ఇంటికి తేవాలని డోరీన్ ఏడాదంతా సాధన చేసింది. బంతి వదిలే వేళ ఒక్క ఎక్కిలి వచ్చిందంటే ఆ కష్టమంతా మట్టిపాలే.

నీళ్ళు తాగింది, ఊపిరి బిగబట్టింది. తగ్గలేదు. ఇక ఉలిక్కిపడేలా చేయడమే మందు అనుకున్నాడు మొగుడు క్లారీ. కానీ డోరీన్ అంత తేలిగ్గా ఉలిక్కిపడే మనిషా! ఒకసారి ఇంట్లోకి పాము వస్తే తలుపు బార్లా తెరిచి, పాముతో "నడు బయటికి" అంది.

ఆమె కోళ్ళకు మేత వేయడానికి వచ్చేలోపు క్లారీ పెరట్లో వాననీళ్ళ ట్యాంకు వెనక నక్కాడు. పక్కింటి మేవిస్‌కూ అదే ఆలోచన వచ్చింది. కాగితం సంచి నిండా గాలి ఊది, ట్యాంకు అవతలి నుంచి వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చింది. వీపూ వీపూ తగిలాయి. సంచి ఢామ్మంది. ఇద్దరూ కెవ్వుమన్నారు.

"చర్మంలోంచి బయటికి దూకేశానయ్యా!" అంది మేవిస్.

"నా గుండె నోట్లోకొచ్చింది. ఇంకా మింగలేకపోతున్నా!" అన్నాడు క్లారీ.

మా ఊళ్ళో పెరట్లోంచి కేక వినిపిస్తే పాము వచ్చిందనే లెక్క. ఎదురింటి మెర్వ్ పార పట్టుకొని కంచె దూకాడు. ట్యాంకు కింద నల్లగా మెలికలు తిరిగి ఉన్నదాన్ని ఒక్క వేటుకు నరికాడు. అది మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టం. నీళ్ళు ఎగజిమ్మి ముగ్గురినీ తడిపేశాయి.

"పామెటు పోయింది?" అన్నాడు మెర్వ్.

"పామా? ఏ పాము?" అంది మేవిస్.

"నువ్వే కదమ్మా అరిచావ్!"

"నేనరిచింది క్లారీని చూసి!"

"మరి పామును చూసిందెవరు?"

ఎవరూ చూడలేదు. అయినా ముగ్గురూ కట్టెలు కొట్టే మొద్దెక్కి నిలబడ్డారు. మేత గిన్నెతో డోరీన్ వచ్చింది.

"ఏంటర్రా... హిక్... మీ వేషాలు? దిగండి. ఆటకు వేళవుతోంది."

క్లబ్బులో ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య దొరికిన సందులో బంతి వదులుతూ డోరీన్ ఎలాగో నెట్టుకొచ్చింది. చివరి బంతి ఐవీది. గురిగా పెట్టిన చిన్న తెల్ల బంతికి డోరీన్ బంతి కన్నా దగ్గరగా ఆపిందంటే కప్పు మళ్ళీ ఆమెదే. ఆ వేళ మావాళ్ళు దగ్గు కూడా ఆపుకుంటారు. డోరీన్ రుమాలు నోటికి అదిమిపెట్టుకుంది. ఐవీ వంగింది.

"హిక్!"

బంతి గురి దాటి, పచ్చిక దాటి, అంచు కాలువలో పడింది.

"నా ఆయుష్షులో పదేళ్ళు లాగేశావు కదే!" అంది ఐవీ ఎర్రబడిపోయి.

"కావాలని..." డోరీన్ తరవాతి ఎక్కిలి కోసం ఆగింది. అది రాలేదు. "కావాలని కాదు ఐవీ, ఒట్టు!"

అంపైర్ తల గోక్కున్నాడు. దగ్గు గురించి నిబంధన ఉంది, నవ్వు గురించి ఉంది, ఎక్కిళ్ళ గురించి లేదు. చేసేదేమీ లేక కప్పు తెచ్చి డోరీన్ చేతిలో పెట్టాడు.

దారిలో, కప్పు ఒళ్ళో పెట్టుకున్న డోరీన్ పక్కన కారు నడుపుతూ క్లారీ, "హిక్" అన్నాడు.

వెనక సీట్లో మేవిస్ చప్పుడు చేయకుండా ఇంకో కాగితం సంచి తీసింది.

— వీరా ట్రెగన్నా, డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది దక్షిణ ఆస్ట్రేలియా, వారాబిన్, క్లబ్బు వెనక వీధిలో.