మంత్రిగారి ఒకటో నంబరు

"ఈ రోజు నుంచి మన కార్యాలయంలో ఏ కంప్యూటరూ దిక్కులేనిది కాదు" అని మంత్రిగారు ప్రకటించారు.

నీటి సరఫరా శాఖ ఆఫీసు హాల్లో కుర్చీలన్నీ నిండాయి. ఇంతకాలం ఆ ఆఫీసు కంప్యూటర్లు అద్దె కొంపల్లో బతికినట్టు బతికాయని మంత్రిగారు వివరించారు. పొద్దున్న ఆన్ చేయగానే రూటర్ అనే పెట్టె ఏ నంబరిస్తే అదే వాటి అడ్రసు. రేపు ఇంకో నంబరు. "ఇది సంసారపక్షమేనా?" అని ఆయన అడిగారు. కాదని సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అందుకే ప్రతి కంప్యూటరుకూ మార్పులేని నంబరు, స్టాటిక్ ఐపీ. పథకం పేరు 'శాశ్వత చిరునామా'.

హాలు చివర నిలబడి కంప్యూటరబ్బాయి చప్పట్లు కొట్టాడు. అబ్బాయి అని పిలుపే గానీ నలభై దాటాయి. టెంపరరీగా చేరినప్పుడు వచ్చిన పిలుపది. అతని ఉద్యోగంలో పర్మనెంటయింది అదొక్కటే.

మంత్రిగారి చూపు అతని మీద పడింది. "యంత్రాలకు శాశ్వత చిరునామా ఇచ్చే మనిషికి శాశ్వత ఉద్యోగం లేకపోతే బాగుంటుందా? పని పూర్తి చెయ్యి. ఆర్డరు నేను పంపిస్తాను" అన్నారు. ఈసారి అందరూ చప్పట్లు కొట్టారు, కంప్యూటరబ్బాయి తప్ప. అతని చేతులు అప్పటికే దణ్ణం పెడుతున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పాడు. "ఏమండీ, కాగితం చేతికొచ్చాక చెప్పండి, పాయసం కాస్తాను" అంది భార్య.

"పెళ్ళినాడు కూడా త్వరలో పర్మనెంటు అనే చెప్పారులే అల్లుడుగారు" అంది అత్తగారు.

"పెళ్ళయితే పర్మనెంటే కదా అత్తయ్యా."

"అది మా అమ్మాయి ఓపిక."

అతను నవ్వాడు గానీ చూపు గుమ్మం పక్కనున్న వాలుకుర్చీ మీదికి పోయింది. తండ్రి ఉన్నన్నాళ్ళూ రోజూ ఆ కుర్చీలోంచే "ఆర్డరొచ్చిందా?" అని అడిగేవాడు. లేదనడానికి విసుగ్గా ఉండేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. కుర్చీని ఎవరూ జరపలేదు.

మర్నాడు నంబర్ల పంపకం మొదలైంది. అడ్రసులో నాలుగు సంఖ్యలుంటాయని, మొదటి మూడూ ఇంటిపేరులా అందరికీ ఒకటేనని, చివరిదే ఎవరిది వాళ్ళదని కంప్యూటరబ్బాయి సూపరింటెండెంటుకు చెప్పాడు. సూపరింటెండెంటు వెంటనే సీనియారిటీ ప్రకారం పంచేశారు. ఒకటి మంత్రిగారికి, రెండు తనకు. చిక్కంతా మూడు దగ్గర వచ్చింది. బిల్లుల సెక్షన్ పెద్దాయన, పైపుల సెక్షన్ పెద్దావిడ ఒకే రోజున ఉద్యోగంలో చేరినవాళ్ళు.

"నాలుగు పుచ్చుకుని నేను ఇంట్లో తల ఎత్తుకోలేను" అన్నాడు పెద్దాయన.

"నేను మాత్రం దించుకోవాలా అన్నయ్యగారూ?" అంది పెద్దావిడ.

"ఇద్దరికీ మూడే ఇచ్చెయ్" అన్నారు సూపరింటెండెంటు.

అలా ఇస్తే ముందు ఆన్ చేసిన కంప్యూటరే పనిచేస్తుందని, రెండోది మొరాయిస్తుందని కంప్యూటరబ్బాయి చెప్పి చూశాడు. అయినా ఇద్దరికీ మూడే అయింది. దానితో ఒకరికంటే ఒకరు ముందు రావాలని ఆ ఇద్దరూ వాచ్‌మన్ తాళం తీయకముందే గేటు దగ్గర కాపలా కాయడం మొదలుపెట్టారు. పథకం వల్ల క్రమశిక్షణ పెరిగిందని సూపరింటెండెంటు పెద్దాఫీసుకు నివేదిక పంపారు.

"ఒకటో నంబరు మామూలుగా రూటర్‌కి ఉంటుంది సార్" అన్నాడు కంప్యూటరబ్బాయి, గొంతు తగ్గించి.

"దాని సర్వీసెంత?"

"పోయినేడు కొన్నాం సార్."

"పోయినేడు వచ్చినదానికి ఒకటా? చివర్న పడెయ్. ఇంతకీ అది చేసే పనేమిటి?"

"బయటికి దారి చూపిస్తుంది సార్. ప్రతి కంప్యూటర్లోనూ గేట్‌వే అని ఒక గడి ఉంటుంది. బయటికి పోవాలంటే ఎవరి గుండా పోవాలో అందులో రాయాలి. అక్కడ రూటర్ నంబరు వేస్తాం."

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మంత్రిగారుండగా ఈ ఆఫీసుకి దారి చూపించేది పెట్టా?"

కంప్యూటరబ్బాయికి జవాబు తెలుసు. జవాబు చెబితే పని ఆగుతుందనీ, పని ఆగితే ఆర్డరు రాదనీ కూడా తెలుసు. రూటర్‌ను రెండువందల యాభయ్యో నంబరుకు పంపాడు. అన్ని కంప్యూటర్లలోనూ గేట్‌వే గడిలో మంత్రిగారి ఒకటి వేశాడు.

మిగిలింది మంత్రిగారి కంప్యూటరు. ఆయన గది గుమ్మంలో పీయే అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమోయ్, సార్ కంప్యూటర్లో నువ్వు చేతులు పెడతావా? నంబరు చెప్పు, నేను పెట్టిస్తా."

చెప్పాడు. సాయంత్రానికి పెట్టించామని కబురొచ్చింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రెండో నంబరు నుంచి అయిదో నంబరుకు ఒక ఫైలు పంపితే కళ్ళు మూసి తెరిచేలోగా చేరింది. ఆ రెండు బల్లల మధ్య దూరం చెయ్యి చాపితే అందేటంత. మంత్రిగారు ఆ బల్ల నుంచి ఈ బల్లకు నడిచి, ఫైలు తనకంటే ముందు చేరిందని పత్రికలవాళ్ళకు చూపించారు. ఇంటి లోపలి మాట ఇంట్లో చేరడానికి గేటుతో పని లేదన్న సంగతి కంప్యూటరబ్బాయి ఎవరికీ చెప్పలేదు.

ఆ వారం ఊళ్ళోవాళ్ళ నుంచి మెయిల్లో ఒక్క ఫిర్యాదూ రాలేదు. కుళాయి రావడం లేదని గానీ, వచ్చింది ఎర్రగా ఉందని గానీ, గొట్టం పగిలి వీధి చెరువైందని గానీ ఒక్క ముక్క లేదు. ఊరు ఇంత తృప్తిగా ఉండటం తన సర్వీసులో ఎప్పుడూ చూడలేదన్నాడు పైపుల పెద్దావిడ దగ్గరి గుమాస్తా. హ్యాకర్లు కూడా దగ్గరికి రాలేకపోయారని సూపరింటెండెంటు మరో నివేదిక రాశారు. అది కూడా బయటికి పోలేదు.

అంతలో పెద్దాఫీసు నుంచి కంప్యూటరబ్బాయికి ఫోన్ వచ్చింది.

"నీ పర్మనెంటు ఆర్డరు మెయిల్లో పంపి వారమైంది. తీసుకోవేం? నెలాఖరులోగా సంతకం పెట్టి పంపకపోతే మురిగిపోతుంది."

"ఇంకో దారిలో పంపండి సార్, మీకు పుణ్యముంటుంది."

"కుదరదు. ఆఫీసు మెయిలు మీ ఆఫీసు లైను మీదే తెరుచుకోవాలి. భద్రత."

నెలాఖరు రేపే. గేట్‌వే గడుల్ని ఎవరూ మార్చకుండా సూపరింటెండెంటు ఎప్పుడో పాస్‌వర్డు పెట్టి దాచుకున్నారు. రూటర్‌ను మళ్ళీ ఒకటికి తెస్తే చాలు, అన్ని గేట్లూ తెరుచుకుంటాయి. కానీ ఒకటి మీద మంత్రిగారు కూర్చున్నారు. ఒకే నంబరు ఇద్దరికుంటే ఏమవుతుందో రోజూ పొద్దున్నే గేటు దగ్గర చూస్తున్నాడు. ముందు మంత్రిగారి కంప్యూటరు తీగ పీకాలి.

పీయే భోజనానికి వెళ్ళిన సమయం చూసి గదిలోకి దూరాడు.

బల్ల మీద పెద్ద తెర ఉంది. తెర కింద ఇత్తడి పలక, దాని మీద చెక్కించిన అడ్రసు, చివర్న ఒకటి. పలకకు చామంతి దండ. తీగ కోసం కంప్యూటరబ్బాయి బల్ల కిందికి వంగాడు. తీగ ఉంది. దాని కొస బల్ల కోడుకు ముడేసి ఉంది. అక్కడ ఉండాల్సిన కంప్యూటరు పెట్టె లేదు. గోడ వైపు చూశాడు, కర్టెన్ వెనక చూశాడు. బీరువాలో శాలువాలున్నాయి.

మోకాళ్ళ దుమ్ము దులుపుకుని లేచాడు. తర్వాత వెళ్ళి రూటర్‌కు ఒకటో నంబరు ఇచ్చాడు. ఎవరితోనూ గొడవ పడకుండా అది ఒకటయింది.

మరుక్షణం హాలంతా టింగు టింగుమంది. ఊరి ఫిర్యాదులన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి.

"ఎవరయ్యా తలుపు తీసింది?" అని బిల్లుల పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"వెంటనే ఎలా ఉండేదో అలా పెట్టు" అని సూపరింటెండెంటు లోపల్నుంచి కేకేశారు.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు కంప్యూటరబ్బాయి. ఆ నిమిషంలో ఆర్డరు తెరిచాడు.

అతని పోస్టు నిజంగానే శాశ్వతం. హోదా: గౌరవ మంత్రివర్యుల ఒకటో నంబరు కంప్యూటరు పర్యవేక్షకుడు. విధులు: సదరు కంప్యూటరును ప్రతిదినం పరిశీలించి, సక్రమంగా పనిచేయుచున్నదని ధ్రువీకరించి సంతకం చేయుట.

రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టి వెనక్కి పంపాడు. రూటర్‌ను రెండువందల యాభైకి తీసుకెళ్ళాడు. హాలు సద్దుమణిగింది.

ఆ రాత్రి పాయసం అయింది. అత్తగారు రెండోసారి తానే వడ్డించింది. అతను గిన్నె పట్టుకుని వెళ్ళి వాలుకుర్చీ పక్కన నేల మీద కూర్చుని తిన్నాడు.

మర్నాడు పొద్దున్న మంత్రిగారి గదిలోకి వెళ్ళి పలక మీది దుమ్ము తుడిచాడు, వాడిన దండ తీశాడు, రిజిస్టర్లో సంతకం చేశాడు. గుమ్మంలోంచి పీయే తొంగి చూశాడు.

"ఎలా ఉందోయ్ మన కంప్యూటరు?"

"ఇంతవరకూ ఒక్క రిపేరూ రాలేదు సార్" అన్నాడు కంప్యూటరబ్బాయి.